తెలుగు వికీసోర్స్ సమీక్ష: పదిమంది కలిసి శ్రీనాథుణ్ణి ఎక్కించడానికి ఎంతవరకు పనికొస్తుంది?

పాత కవి మీద నలుగురూ కూడి పని చేద్దామనుకోగానే ముందు ఒక వాట్సాప్ గ్రూపు పుడుతుంది. ఆ తరువాత గూగుల్ డాక్స్‌లో ఒక ఫైలు, ఆ ఫైలుకు నాలుగు నకళ్లు. నెల తిరిగేసరికి ఏ నకలులో ఎవరు ఏం దిద్దారో ఎవరికీ తెలియదు. ఈ జబ్బుకు, వికీపీడియాకు తోబుట్టువైన స్వేచ్ఛా గ్రంథాలయం తెలుగు వికీసోర్స్ మంచి మందు, కానీ ఈ ఒక్క జబ్బుకే. అచ్చు పుస్తకాన్ని ఉన్నదున్నట్టుగా, ప్రతి పుట మీదా ఇద్దరి కళ్లు పడేలా యూనికోడులోకి తేవడానికి ఇంతకంటే అనువైన ఉచిత సేవ తెలుగుకు కనిపించదు. నాలుగు ప్రతులు ముందేసుకొని కొత్తగా పరిష్కృత పాఠం తయారుచేయాలంటే మాత్రం ఇది చోటు కాదు. ఈ తేడా మొదటి రోజే తేల్చుకోని జట్టు ఎక్కువ దూరం పోదు.

ఇక్కడ శ్రీనాథుణ్ణి ఉదాహరణగా తీసుకోవడానికి కారణం ఉంది. ఉమ్మడి పనిలో ఎదురయ్యే చిక్కులన్నీ ఆయన దగ్గర ఒకేచోట దొరుకుతాయి: సంస్కృత మూలమున్న కావ్యం, పోయిన కృతులు, కర్తృత్వ వివాదం, నోటినోటా తిరిగిన చాటువులు.

పనిచేసే తీరు ఇది. పుస్తకం పీడీఎఫ్‌నో డీజేవీయూనో వికీలన్నింటికీ ఫైళ్లు దాచే వికీమీడియా కామన్స్‌లోకి ఎక్కిస్తారు. వికీసోర్స్‌లో దానికి 'సూచిక' పేజీ తెరుస్తారు. ఒక్కో పుటకూ ఒక్కో పేజీ ఏర్పడుతుంది, ఒక పక్క స్కాను బొమ్మ, మరో పక్క పాఠ్యం. అచ్చుదిద్దని పుట ఎర్రగా, దిద్దినది పసుపుగా, రెండో మనిషి ఆమోదించినది ఆకుపచ్చగా కనిపిస్తుంది. ఖాళీ పుటకు బూడిద రంగు, చదవలేకపోయిన పుటకు నీలం. దిద్దినవారే ఆమోదించడానికి వీల్లేదు, ఆ బొత్తామే వారికి కనిపించదు. లాగిన్ కానివాళ్లు పుట స్థితిని మార్చలేరు. ఈ ఒక్క కట్టుబాటు కోసమే ఈ సేవను ఎంచుకోవచ్చు. పని పుటలుగా విడిపోయి ఉంటుంది కాబట్టి ఇద్దరు ఒకేసారి ఒకే చోట దిద్ది ఒకరి మార్పు మీద ఒకరు పడడం కూడా అరుదు.

ఏ ముద్రణ తీసుకోవాలన్నది మొదటి ప్రశ్న. శ్రీనాథుడు పోయి అయిదు వందల ఏళ్లు దాటినా ఆయన పుస్తకం స్వేచ్ఛగా ఉన్నట్టు కాదు. పీఠికకు, వ్యాఖ్యకు, పరిష్కర్త రాసిన టిప్పణులకు వేరే హక్కులుంటాయి. భారత చట్టంలో రచయిత మరణించాక 60 ఏళ్లు. కామన్స్ అమెరికా లెక్క కూడా చూస్తుంది, అక్కడ పాత ప్రచురణలకు మామూలుగా అచ్చైన సంవత్సరం నుంచి 95 ఏళ్లు. శ్రీనాథుడి శృంగార నైషధానికి వేదం వెంకటరాయశాస్త్రి (1853–1929) రాసిన సర్వంకష వ్యాఖ్య ఈ పరీక్షలో ఇబ్బంది లేకుండా గట్టెక్కుతుంది. శ్రీనాథుడి మీద పరిశోధించిన వేటూరి ప్రభాకరశాస్త్రి 1950లో కన్నుమూశారు, ఆయన జీవితకాలంలో అచ్చైన రచనలు భారతదేశంలో 2011 జనవరి 1 నుంచి స్వేచ్ఛ. అమెరికా లెక్క మాత్రం ఒక్కో పుస్తకానికీ విడిగా వేసుకోవాలి. ఆయన రాసిన 1923 నాటి శృంగార శ్రీనాథానికి ఆ చిక్కూ తీరిపోయింది. పునర్ముద్రణల దగ్గర జాగ్రత్త: అట్ట మీద పాత పరిష్కర్త పేరే ఉంటుంది, లోపల నలభై పుటల కొత్త పీఠిక ఉంటుంది. ఆ పీఠిక వదిలేయాలి, లేదా మొదటి ముద్రణే వెతకాలి.

స్కాన్లు ఎక్కువగా డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వాళ్లు చేసి, తరువాత ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి చేరినవే. వాటి వివరాలను నమ్మకండి. పేరు రోమన్ లిపిలో వంకరటింకరగా ఉంటుంది, సంవత్సరం తప్పు ఉండొచ్చు. ముఖపత్రం తెరిచి చూసిందే ప్రమాణం. పుటలు పోయాయేమో చూడడానికి ఓ చిన్న లెక్క: బొమ్మ సంఖ్యలోంచి అచ్చు పుట సంఖ్య తీసేయండి. మొదట్లో 22 తేడా వచ్చి, చివర 20 వచ్చిందంటే నడుమ ఎక్కడో రెండు పుటలు లేవు. సరిగ్గా మధ్య పుట చూడండి, తరువాత దాంట్లో సగం. 300 పుటల పుస్తకమైనా ఎనిమిది తొమ్మిదిసార్లలో జాడ దొరుకుతుంది. పని మొదలుకాకముందే ఇది చేయాలి. 200 పుటలు దిద్దాక పోయిన పుటను చేర్చి ఫైలు మళ్లీ ఎక్కిస్తే, ఆ తరువాతి బొమ్మలన్నీ జరిగిపోయి ప్రతి పుటలోనూ వేరే పుట పాఠ్యం కూర్చుంటుంది. దాన్ని సరిచేయడానికి బాటు (పేజీలను వాటంతటవే మార్చే ప్రోగ్రాము) నడిపేవాళ్లనో నిర్వాహకులనో బతిమాలుకోవాలి. పోయిన పుట అదే ముద్రణలోంచే తేవాలి. వేరే ముద్రణలో పుట ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో మారిపోతుంది.

ఇక అక్షరాల గొడవ. దిద్దే పెట్టెలోనే బొత్తాం నొక్కితే ఓసీఆర్, అంటే బొమ్మలోని అక్షరాలను యంత్రం చదివి ఇచ్చే పాఠ్యం, వస్తుంది. గూగుల్, టెసరాక్ట్, ట్రాన్స్‌క్రిబస్ మూడూ ఎంచుకోవచ్చు. పాత తెలుగు అచ్చుకు ముందుగా గూగుల్‌నే ప్రయత్నించండి. ఏది వాడినా ప–వ, మ–య, ద–ధ–థ, బ–భ తడబాట్లు తప్పవు, ఒత్తులు రాలిపోతాయి. ఇవి కంటికి దొరికే తప్పులు. దొరకనిది మరొకటుంది: తెలుగు సున్నా అంకె, పూర్ణానుస్వారం చూపుకు ఒకటే, కోడు వేరు. 'అందము' అన్న మాటలో సున్న బదులు అంకె పడితే పుట చూడ్డానికి చక్కగా ఉంటుంది, వెతికితే మాత్రం ఆ మాట దొరకదు. ఆశ్వాసం (కావ్యంలో ఒక అధ్యాయం) పూర్తయ్యాక అక్షరాన్ని ఆనుకొని ఉన్న సున్నా అంకెల కోసం ఒకసారి అక్షరాల అమరికను బట్టి వెతికే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో వెతకడం తప్పనిసరి. వికీసోర్స్ వెతుకుపెట్టెలో ఇన్‌సోర్స్ పద్ధతిలో ఇది చేయొచ్చు.

అరసున్న, శకటరేఫ (బండి ఱ) ఉంచాలా తీసేయాలా అన్న చర్చ ప్రతి జట్టులోనూ వస్తుంది. ఉంచాలి. తరువాత కావాలంటే ఒక్క కమాండుతో తీసేయొచ్చు, తీసేసినవాటిని మళ్లీ పెట్టాలంటే పుస్తకమంతా చదవాలి. టైపు చేయడం కష్టమన్న సాకు కూడా చెల్లదు. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో అరసున్నకు షిఫ్ట్ ఎక్స్, బండి ఱకు షిఫ్ట్ జె. హల్లు పక్కన రేఫను చూపే పాత గుర్తు వలపలగిలకను మాత్రం తీసేసి, నేటి పద్ధతిలో ఆ హల్లును రకారం కింద ఒత్తుగా మార్చుకోవచ్చు, అది రాత తీరే తప్ప వేరే ధ్వని కాదు. పద్యం ఏ రకమో చెప్పే సీ., తే., క., ఉ. వంటి పొడి అక్షరాలు, పద్య సంఖ్యల అంకెలు, అచ్చుతప్పుల్ని ఏం చేయాలన్నది, ఇవన్నీ ఒకే ఒక్క పుట నియమావళిగా రాసి సూచిక చర్చాపేజీలో పెట్టాలి. రెండు పుటలు దాటితే ఎవరూ చదవరు.

పద్యకావ్యాలకు వచనానికి లేని ఒక అదృష్టం ఉంది, ఛందస్సే ప్రూఫురీడరు. ఉత్పలమాల పాదంలో 20 అక్షరాలు, చంపకమాలలో 21, మత్తేభంలో 20, శార్దూలంలో 19. లెక్క తప్పిందంటే తప్పు అచ్చులోనో ఓసీఆర్‌లోనో ఉంది. గణాలు, యతి, ప్రాస విడదీసి చూపే 'ఛందం' అనే పరికరం నెట్‌లో దొరుకుతుంది, ప్రతి పద్యాన్నీ దాంట్లో వేసి చూడాలి. అయితే అది ఏం పట్టుకుంటుందో, ఏం వదిలేస్తుందో తెలిసి వాడాలి. కాశీఖండంలో శ్రీనాథుడు తన కృతులను వయసు వారీగా చెప్పుకున్న సీసమే తీసుకోండి. అందులో నాలుగో పాదం:

ప్రౌఢనిర్భర వయఃపరిపాకమునఁ గొని
యాడితి భీమనాయకుని మహిమ

'మునఁ గొని' నాలుగూ లఘువులు, నలం, సరైన ఇంద్రగణం. అరసున్న బదులు నిండు సున్న పడితే 'మునం గొని' అయి రెండో అక్షరం గురువవుతుంది, అది ఏ ఇంద్రగణమూ కాదు. పరికరం వెంటనే ఎర్రజెండా ఊపుతుంది. అదే సీసం మొదటి పాదంలో 'చిఱుత కూకటినాఁడు' ఉంది. ఇక్కడ అరసున్న పోయినా, నిండు సున్నైనా 'నా' ఎలాగూ గురువే, గణం చెడదు. 'చిఱుత' 'చిరుత' అయినా లెక్క చెడదు. పరికరం పచ్చజెండా ఊపేస్తుంది. అంటే దీర్ఘం మీది అరసున్నలకూ, ఎక్కడైనా పూర్తిగా రాలిపోయిన అరసున్నలకూ, శకటరేఫలకూ మనిషి కన్నే దిక్కు. ఆమోదించే వ్యక్తికి ఇచ్చే సూచన కూడా ఇదే: పద్యమంతా చదవండి, దాంతోపాటు అరసున్నల కోసం, ముఖ్యంగా దీర్ఘాల వెంట వచ్చేవాటి కోసం, ప్రత్యేకంగా మరోసారి చూడండి.

సాంకేతికంగా పద్యాలకు వికీసోర్స్ అంత స్నేహం కాదు. పద్యాల కోసం వాడే పోయెమ్ ట్యాగు పుట దాటదు. పద్యం రెండు పుటల్లో చీలితే రెండు చోట్లా తెరిచి మూయాలి, దాంతో ఆశ్వాసం పేజీలో పద్యం నడుమ కాస్త ఎడం వస్తుంది. దానికోసం మూసల (టెంప్లేట్ల) కుస్తీ పట్టేకన్నా ఆ ఎడాన్ని భరించడమే మేలు. పాదం చివర మాట విరిగి తరువాతి పాదంలోకి పోవడం మన పద్యాల్లో మామూలు కదా. అచ్చులో అక్కడ అడ్డగీత ఉంటే ఉంచాలా వద్దా అన్నదీ నియమావళిలోనే తేలాలి, లేకపోతే సగం పద్యాల్లో ఉండి సగంలో ఉండదు. పుట పైన ఉండే కావ్యనామం, పుట సంఖ్య పైభాగం పెట్టెలోకి పోవాలి. దేహంలో వదిలేస్తే ఆశ్వాసం మొత్తం ఒకచోట చేర్చినప్పుడు ప్రతి పద్యాల గుంపు నెత్తినా 'శృంగారనైషధము' అని వచ్చి కూర్చుంటుంది. సర్వంకష లాంటి వ్యాఖ్య తరువాతి పుటలోకి సాగితే అధోజ్ఞాపికను (ఫుట్‌నోటును) 'ఫాలో' గుణంతో కలపాలి. ఇది తెలియక చాలామంది రెండు వేర్వేరు జ్ఞాపికలు చేసేస్తారు.

మనుషుల లెక్క. 300 పుటల పద్యకావ్యానికి, వ్యాఖ్య లేకుండా, ఒక పుట దిద్దడానికి అరగంట, ఆమోదించడానికి పావుగంట అనుకుంటే 225 గంటలు. పదిమంది వారానికి రెండేసి గంటలిస్తే పదకొండు పన్నెండు వారాలు. ఇది కాగితం మీది అంచనా, నిజానికి పదిమందిలో నలుగురు మిగులుతారు. వ్యాఖ్యతో కూడిన పుస్తకమైతే రెట్టింపు వేసుకోండి. పసుపు పుటలు గబగబా పెరిగి ఆకుపచ్చ వెనకబడడం ఎక్కడైనా జరిగేదే, కొత్త పుట దిద్దడంలో ఉన్న సరదా ఇంకొకరు దిద్దింది చూడడంలో ఉండదు. అందుకే కూర్చున్న ప్రతిసారీ ముందు రెండు పుటలు ఆమోదించి, ఆపైనే ఒక పుట దిద్దాలని నియమం పెట్టుకోవాలి. ఒకే జంట ఎప్పుడూ ఒకరి పుటలు ఒకరు చూసుకోకూడదు, ఒకరి గుడ్డిచోటు రెండోవారికి అలవాటైపోతుంది. సందేహం తీర్చడానికి వ్యాకరణం, ఛందస్సు తెలిసిన ఒకరుండాలి, వారికి దిద్దే పని అప్పగించకూడదు. బొమ్మలు, మూసలు చూసుకునేవారు మరొకరు. ఫోనులో చేసేయొచ్చు అనేవారి మాట వినకండి. బొమ్మా పాఠ్యమూ పక్కపక్కన పట్టని తెర మీద అరసున్న కనిపించదు.

ఇలాంటి పని తెలుగుకు కొత్త కాదు. కడపలో సి.పి. బ్రౌను పండితులను జీతాలకు పెట్టుకొని ప్రతులు పోల్పించాడు. మనకు జీతాలిచ్చే దొర లేడు, పేరు మాత్రం దక్కాలి. వికీసోర్స్ చరిత్ర పేజీ ఎవరు ఏ రోజు ఏ అక్షరం మార్చారో చెరగకుండా చూపిస్తుంది కాబట్టి ఈ విషయంలో దాన్ని తప్పుపట్టలేం.

తప్పుపట్టాల్సింది పాఠాంతరాల దగ్గర. నిజానికి అది లోపం కాదు, సూత్రం: అచ్చైన పుస్తకం ఏం చెబితే అదే ఇక్కడ ఉండాలి. మీకు నచ్చిన పాఠం పైన పెట్టి, మిగతావి కింద వేయడానికి వీల్లేదు. పరిష్కర్త స్వయంగా వేసిన పాఠాంతరాలను అధోజ్ఞాపికలుగా, వ్యాఖ్యను మరో గుంపు జ్ఞాపికలుగా విడదీసి చూపొచ్చు, అంతవరకే. రెండు ముద్రణలుంటే రెండు సూచికలు, రెండు పాఠాలు. తాళపత్ర ప్రతులు పోల్చి కొత్త పాఠం నిర్ణయించే పని టీఈఐ అనే ఎక్స్‌ఎంఎల్ పద్ధతిలో, ప్రతి మార్పునూ దాచి ఉంచే గిట్ భాండారంలో జరగాలి. స్వీకరించిన పాఠానికి, ప్రతి పాఠాంతరానికి, అది ఏ ప్రతిలోదో చెప్పే సంకేతాక్షరానికి అందులో విడివిడి గుర్తులున్నాయి. ఆశ్వాసానికో ఫైలు, పాదానికో వరుస పెట్టుకుంటే ఎవరేం మార్చారో ఇట్టే కనిపిస్తుంది. పద్యమంతా ఒకే వరుసలో రాస్తే ఒక్క అక్షరం మార్చినా పద్యమంతా మారినట్టు చూపుతుంది. వికీసోర్స్ నుంచి దింపుకున్న శుద్ధమైన పాఠం దీనికి పునాది. మొదట వికీసోర్స్, తరువాత గిట్. వరుస తిరగేస్తే తప్పుల తడకనే పోల్చుకుంటూ కూర్చుంటారు.

ఈ రెంటినీ కలిపే తాడు పద్య సంఖ్య. ఒక ముద్రణ వచనాలకు కూడా సంఖ్య ఇస్తుంది, మరొకటి పద్యాలకే ఇస్తుంది. ఇరవయ్యో పద్యం దాటేసరికి రెండూ విడిపోతాయి. ఆధారంగా తీసుకున్న ముద్రణలోని ఆశ్వాసం, పద్యం సంఖ్యలనే శాశ్వత గుర్తుగా స్థిరపరచి, మిగతా ముద్రణల సంఖ్యలకు విడిగా ఓ పట్టిక వేసుకోవాలి. నైషధానికి ఇది మరీ అవసరం. సంస్కృత మూలం రాసిన శ్రీహర్షుడివి 22 సర్గలు, శ్రీనాథుడివి 8 ఆశ్వాసాలు. సర్గకూ ఆశ్వాసానికీ ముడిపెట్టడం కుదరదు, శ్లోకానికీ పద్యానికీ పెట్టాల్సిందే. కొన్ని శ్లోకాలకు పద్యం ఉండదు, ఆ ఖాళీ కూడా పట్టికలో చూపాలి.

కర్తృత్వం విషయంలో వికీ పద్ధతి కొంత మొరటు. క్రీడాభిరామాన్ని మానవల్లి రామకృష్ణకవి 1909లో వెలుగులోకి తెచ్చారు. వినుకొండ వల్లభరాయుడి పేరున్న ఆ కృతి శ్రీనాథుడిదేనని వేటూరి వాదించారు. సూచిక పేజీలో ఒక రచయిత గడి ఉంటుంది, అక్కడ వాదానికి చోటు లేదు. ముఖపత్రం మీద ఉన్న పేరు రాసి ఊరుకోండి, వివాదాన్ని వికీల ఉమ్మడి సమాచార పట్టిక అయిన వికీడేటాలో చెప్పండి. అక్కడ ఒకే కృతికి ఇద్దరు కర్తలను చెరో ఆధారంతో, వివాదాస్పదమన్న గుర్తుతో పెట్టే వీలుంది. చాటువులకు అదీ చాలదు. శ్రీనాథుడివని చెప్పుకునే చాటువులకు 'కర్త' అన్న గడి పెట్టడమే పొరపాటు. ఏ సంకలనంలో, ఎవరి పేర, ఏ పాఠంతో ఉందో మూడు గడులు పెట్టి, ఒకే పద్యం ఇద్దరు కవుల పేర దొరికితే రెండు వరుసలు రాయాలి. ఇది మామూలు స్ప్రెడ్‌షీట్ పని, వికీసోర్స్‌కు రుద్దకండి.

ఉపయుక్త గ్రంథాల పట్టికకు, గ్రంథ వివరాలు దాచుకునే సాఫ్ట్‌వేరు జొటీరోలోని సామూహిక గ్రంథాలయం సరిపోతుంది, ఉచితంగా 300 ఎంబీ వరకు ఫైళ్లు పట్టుకుంటుంది. పీడీఎఫ్‌లు అందులో పెట్టకుండా లంకెలు మాత్రమే ఇస్తే ఎన్నటికీ నిండదు. తెలుగు పేర్లతో ఒక తంటా ఉంది. ఇంటిపేరు, పేరు రెండు గడుల్లో వేరుగా రాస్తే కొన్ని శైలుల్లో 'ప్రభాకరశాస్త్రి వేటూరి' అని తిరగబడి వస్తుంది. పేరు మొత్తం ఒకే గడిలో రాసే ఏర్పాటు అక్కడే పక్కన ఉంటుంది, మొదటి నమోదు నుంచే అది వాడాలి.

ఇతర సేవల సంగతి చెప్పాలంటే, ఫ్రమ్‌దిపేజ్ చేతిరాతలను నలుగురు కలిసి ఎత్తిరాయడానికి బాగుంటుంది, వాళ్ల సర్వరులో నడపాలంటే డబ్బు కట్టాలి. ట్రాన్స్‌క్రిబస్‌లో తాళపత్రాల మీద నమూనా తయారు చేయాలనుకుంటే ముందు మీరే చాలా పుటలు చేత్తో ఎక్కించి నేర్పాలి, ఆపైన వాడుక క్రెడిట్ల లెక్కలో సాగుతుంది. ఒక్క కావ్యం కోసం గిట్టుబాటు కాదు.

మార్కులు ఇవ్వాల్సివస్తే, అచ్చు పాఠం నలుగురితో ఎక్కించడానికి వికీసోర్స్‌కు ఐదుకు నాలుగున్నర. పద్యాల కూర్పుకు మూడు. పాఠపరిష్కరణకు ఒకటి, అదీ చర్చాపేజీలు ఉన్నందుకు.

పని పూర్తయ్యాక పుస్తకాన్ని ఈపబ్‌గా, పీడీఎఫ్‌గా దింపుకునే సదుపాయం ఉంది. దింపగానే పంచిపెట్టేయకండి. సీసం కింద తేటగీతి వరుస విడిగా పడిందో లేదో, జ్ఞాపిక నొక్కితే సరైన చోటికే పోతోందో లేదో, పుట మారిన చోట మాట నడుమ ఖాళీ చొరబడిందేమో చూడండి. మూడోది కనిపిస్తే ఈపబ్‌లో దిద్దకూడదు. వికీసోర్స్‌లో ఆ పుట చివర అడ్డగీత పెట్టి మళ్లీ దింపుకోవాలి, రెండు పుటలనూ కలిపేటప్పుడు సాఫ్ట్‌వేరే ఆ గీతను తీసేస్తుంది.